ఈ వయసులో మీకెందుకండీ!
బ్యాంకు కౌంటర్ దగ్గర డెబ్బై ఏళ్ల పెద్దాయన తన ఖాతా సంగతి తానే అడుగుతుంటే, క్లర్కు జవాబు మాత్రం పక్కనున్న కొడుక్కి చెబుతాడు. ఆస్పత్రిలోనూ అంతే. మోకాలు అత్తగారిది, మాటలన్నీ కోడలితో. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదంటారు. నిజమే, అందుకే ఇది మన కళ్లకి వివక్షగా ఆనదు. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు చూసి ప్రభుత్వం తేడా చూపకూడదని రాజ్యాంగం 15వ అధికరణ అంటోంది. ఆ వరసలో వయసు లేదు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం తిండీ గూడూ చూసింది గానీ ఈ చిన్నచూపు జోలికి పోలేదు. ఇక రైళ్లు. 60 నిండిన మగవారికి 40 శాతం, 58 నిండిన ఆడవారికి 50 శాతం ఉండే రాయితీని 2020 మార్చిలో కరోనా పేరుతో ఆపేశారు. కరోనా వెళ్లిపోయాక కూడా అది తిరిగి రాలేదు (ముసలివాళ్లు ఇంట్లోనే ఉండాలన్న అప్పటి సలహా ఇంకా అమల్లో ఉంది కాబోలు!). ఆరోగ్య బీమా 65 ఏళ్ల వరకు అమ్మితే చాలన్న నిబంధన పోవడానికి 2024 రావలసి వచ్చింది. వృద్ధుల కోసం ఉచిత హెల్ప్‌లైన్ ఒకటుంది, నంబరు 14567. మీ ఇంటి పెద్దల ఫోన్‌లో అది ఎక్కించి పెట్టండి. ఎలా వాడాలో మాత్రం వాళ్లకే చెప్పండి, పక్కవాళ్లకి కాదు.