“మందు పడలేదు” అనే ముందు



కుష్ఠు మందు మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు కొందరు బిళ్ళలు మానేసి వస్తారు. “సిస్టరమ్మా, ఆ మందు నాకు పడలేదు” అంటారు. అంతవరకు నొప్పి లేకుండా ఉన్న మచ్చలు ఎర్రబడి ఉబ్బుతాయి. మోచేతి దగ్గర నరం తాడులా లావెక్కి, ముట్టుకుంటే ఓర్వలేనంత నొప్పి. ఇంట్లోవారు వేడి చేసిందంటారు, ఎవరో పసరు కడతారు. మా దగ్గరకు వచ్చేసరికి చిటికెన వేలు, ఉంగరపు వేలు ముడుచుకుపోయి ఉంటాయి.

కుష్ఠు క్రిమి చాలా నెమ్మదైనది. ఒకటి రెండు కావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. దాన్ని చూసిన శరీరం కొట్టవచ్చు, లేదా ఓర్చుకొని ఊరుకోవచ్చు. నూటికి తొంభై మందికి పైగా శరీరం దాన్ని నిలవనీయదు, వారికి జబ్బే రాదు. జబ్బు వచ్చినా బాగా కొట్టగలిగితే ఒకటి రెండు మచ్చలతో ఆగుతుంది. ఊరుకున్న శరీరంలో క్రిములు కోట్లలో పెరుగుతాయి. అయినా మొదట్లో జ్వరం ఉండదు, నొప్పి ఉండదు. ఈ రెండింటికీ మధ్యన ఉన్నవారిలో, ముఖ్యంగా చికిత్స మొదలైన తొలి నెలల్లో, ఊరుకున్న శరీరం ఒక్కసారిగా దాడికి దిగుతుంది. క్రిములు నరాలలో దాగి ఉంటాయి కనుక దెబ్బ నరానికే తగులుతుంది. దీన్ని మేము రియాక్షన్ అంటాం.

ఇటువంటి దాడిని అదుపు చేసే తెల్లకణాలు శరీరంలోనే ఉన్నాయని జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి 1995లో చూపించారు. ఆయనకు, అమెరికాకు చెందిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు కలిపి 2025లో నోబెల్ బహుమతి వచ్చింది.

కడుపులోని బిడ్డ కూడా తల్లి శరీరానికి సగం పరాయిదే. అయినా తొమ్మిది నెలలు ఓర్చుకుంటుంది. కాన్పు అయ్యాక శరీరం మళ్ళీ దాడికి సిద్ధమవుతుంది. కుష్ఠు ఉన్న బాలింతలకు రియాక్షన్ ఎక్కువగా వచ్చేది అప్పుడే. చెయ్యి తిమ్మిరెక్కితే పథ్యం చెడిందనుకొని ఊరుకుంటారు. అత్తగార్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

రోగులు మందు మానేస్తున్నారని సమావేశాల్లో విసుక్కుంటాం. నా ఉద్దేశంలో తప్పు మాది. చాలా ఏళ్ళ క్రితం గోదావరి అవతలి నుంచి వచ్చిన ఒక తునికాకు కూలీకి బిళ్ళల అట్ట నేనే ఇచ్చాను. మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడవద్దు అని చెప్పాను. మచ్చ ఎర్రబడవచ్చని మాత్రం చెప్పలేదు. మచ్చ ఎర్రబడగానే అతను బిళ్ళలు మానేశాడు. వానలు, వాగులు దాటి మళ్ళీ కనిపించేసరికి ఏడాది గడిచింది. యాభై ఆకుల కట్ట కట్టలేని చెయ్యి నా బల్ల మీద పెట్టి, “నువ్వు చెప్పలేదు కదమ్మా” అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

వేళకు వస్తే ప్రెడ్నిసలోన్ ఉంది. డాక్టరుగారు మోతాదు తగ్గిస్తూ కొన్ని నెలలు ఇస్తారు, కుష్ఠు బిళ్ళలు మాత్రం ఆపరు. చెయ్యి, కాలు బలం తగ్గి ఆరు నెలలు దాటకపోతే చాలామందికి తిరిగి వస్తుంది. దాన్ని సంతలో కొని వాడకండి, షుగరు ఉన్నవారికి ప్రమాదం. మరొక మాట. నిజంగానే మందు పడని వారూ కొద్దిమంది ఉంటారు. ఒళ్ళంతా దద్దుర్లు, జ్వరం, కళ్ళు పచ్చబడడం కనిపిస్తే బిళ్ళలు ఆపి వెంటనే రండి. రెండింటిలో ఏదో తేల్చే పని మాది.

కుష్ఠు పదివేలకు ఒకరి కంటే తగ్గిందని మన దేశం 2005 డిసెంబరు నాటికి లెక్క తేల్చింది. మంచిదే. కానీ ఊరూరా తిరిగి నరాలు పట్టి చూసిన పాత కుష్ఠు సిబ్బంది ఇప్పుడు ఎక్కడున్నారు? కనీసం అట్ట ఇచ్చే ప్రతి చోట, ఇచ్చే ముందే, రియాక్షన్ మాట చెప్పాలి. నెలనెలా అట్ట ఇచ్చేవారు కళ్ళు గట్టిగా మూయమని, చిటికెన వేలు పక్కకు చాపమని, మణికట్టు, పాదం పైకెత్తమని అడగాలి. రెండు నిమిషాల పని. మా వార్డులో కొత్త పిల్లలకు నేను మొదట నేర్పేది ఇదే. మూత్రం రంగు సంగతి ఆ తర్వాత.