నాలుకకు చిక్కని తీపి

స్టేషన్ ఘన్‌పూర్‌లో ఏప్రిల్ వచ్చిందంటే దాహానికి కొదవుండదు. దాహం తీర్చే వాటికీ కొదవుండదు. రోడ్డు పక్కన చెరకు రసం బండి, ఇంట్లో నిమ్మకాయ నీళ్లు, శ్రీరామనవమికి బెల్లం పానకం, ఉగాదికి కుండలో కలిపిన పచ్చడి (తెలంగాణలో ఉగాది పచ్చడిని నాలుకకు రాసుకోరు కదా, గ్లాసులో పోసుకుని తాగుతారు!), పొద్దున్నే తాటిచెట్టు దిగొచ్చిన కల్లు. వీటిలో దేంట్లో చక్కెర ఎక్కువ అని అడగండి. చెరకు రసం అని ఇంటిల్లిపాదీ ఒకే మాట చెబుతారు. నిజమే. మరి రెండోది ఏది? తగాదా అక్కడే మొదలవుతుంది.

ఆ తగాదా తీర్చే పరికరం ఒకటుంది. పేరు రిఫ్రాక్టోమీటర్. జానెడు పొడవు, చూడ్డానికి చిన్న దుర్భిణిలా ఉంటుంది. చెరకు కోతకొచ్చిందో లేదో చూడటానికి చక్కెర ఫ్యాక్టరీల వాళ్లు పొలాలకు పట్టుకెళ్లేది ఇదే. ద్రాక్ష, మామిడి రైతులకూ కొత్త కాదు. ఒకప్పుడు ప్రయోగశాలలకే పరిమితమైనా ఇప్పుడు వెయ్యి నుంచి రెండున్నర వేల రూపాయల్లో దొరుకుతోంది. జ్యూసులు, జామ్‌లు ఇంట్లోనే చేసుకునే కుటుంబాలు కొంటున్నాయి కూడా. షుగర్ వ్యాధి ఉన్న పెద్దవాళ్లున్న ఇంట్లో దీనికి ఇంకా ఎక్కువ పని ఉంది.

ఎందుకంటే మన ఇళ్లలో ఓ మాట పాతుకుపోయింది. 'ఇంట్లో చేసిందే కదా, ఏం కాదులే!' కోలా సీసా వంక కన్నెత్తి చూడని తాతయ్య, కోడలు కలిపిచ్చిన నిమ్మకాయ నీళ్లు మాత్రం రెండు గ్లాసులు తాగేస్తాడు. ఆ మాటను ఎవరూ కొలిచి చూడరు. నాలుక కొలిచిందిగా అంటారు. నాలుక కొలవలేదు, మోసపోయింది.

చుక్క వేస్తే చాలు

గ్లాసు నీళ్లలో చెంచా వేస్తే వంగినట్టు కనిపిస్తుంది కదా. నీళ్లలోకి వెళ్లేటప్పుడు కాంతి దారి మళ్లుతుంది. పదో తరగతిలో చదువుకున్న వక్రీభవనం అదే. నీళ్లలో చక్కెర కలిపేకొద్దీ కాంతి ఇంకాస్త ఎక్కువగా వంగుతుంది. ఎంత వంగిందో చూసి ఎంత చక్కెరో చెప్పేయొచ్చు. ఈ కొలతకు బ్రిక్స్ అని పేరు. 19వ శతాబ్దపు జర్మన్ ఇంజినీరు అడాల్ఫ్ బ్రిక్స్ పేరు మీదుగా వచ్చింది. 100 గ్రాముల ద్రావణంలో ఒక గ్రాము చక్కెర ఉంటే ఒక డిగ్రీ బ్రిక్స్. అంతే లెక్క.

వాడటం తేలిక. పరికరం కొసన ఉన్న గాజు పట్టకం మీద రెండు చుక్కలు వేసి, మూత దించి, వెలుతురు వైపు తిప్పి కంటికి ఆనించుకోవాలి. లోపల నీలం, తెలుపు రంగులు కలిసే గీత ఏ అంకె మీద ఉంటే అదే రీడింగు. బుడగలు ఉండకూడదు. పిప్పి ఉంటే వడకట్టాలి. గ్యాస్ ఉన్న పానీయమైతే గ్యాస్ పోయేదాకా గిలకొట్టాలి. వేడిది చల్లారాలి.

మన ఎండలకు ఓ చిక్కు ఉంది. ఈ కొలతలన్నీ 20 డిగ్రీల ఉష్ణోగ్రతకు కట్టినవి. వేడిని బట్టి తనకు తానే సర్దుకునే రకాలున్నా, చాలావాటిలో ఆ సర్దుబాటు 10 నుంచి 30 డిగ్రీల మధ్యే. మన దగ్గర ఎండ నలభై దాటుతుందాయె! అందుకే కొలిచే ముందు ప్రతిసారీ డిస్టిల్డ్ వాటర్ (బ్యాటరీల్లో పోసేదే) రెండు చుక్కలు వేసి, గీత సున్నా మీదకొచ్చేలా మర తిప్పుకోవాలి. నీళ్లూ, పానీయమూ, పరికరమూ ఒకే గదిలో కాసేపు ఉంచితే పొరపాటు చాలావరకు తగ్గుతుంది.

నిమ్మకాయ నీళ్ల లెక్క

200 మిల్లీలీటర్ల నీళ్లు, ఒక నిమ్మకాయ, చిటికెడు ఉప్పు, మూడు చెంచాల చక్కెర. చదునుగా తీస్తే చెంచాకు 4, 5 గ్రాములే. కానీ చక్కెర డబ్బాలో చెంచా ముంచినవాళ్లు చదును చేస్తారా? గోపురంలా తీస్తారు. అప్పుడు ఏడు గ్రాములు దాటుతుంది. మూడు చెంచాలంటే 21, 22 గ్రాములు. పరికరంలో గీత పదికి అటూ ఇటూ నిలుస్తుంది. బజారులో కొనే కోలాలో 100 మిల్లీలీటర్లకు ఉండే చక్కెర 10, 11 గ్రాములు. ఇంటి గ్లాసుకూ సీసాకూ పెద్ద తేడా లేదన్నమాట.

మరి నాలుకకు అంత తీపి ఎందుకు తెలియలేదు? పులుపు తీపిని కప్పేస్తుంది. చల్లదనం కూడా కప్పేస్తుంది. ఐస్‌క్రీమ్ కరిగిపోయాక తాగి చూడండి, వెగటుగా తియ్యగా ఉంటుంది. ఐసు వేసిన నిమ్మకాయ నీళ్లలో ఈ రెండు ముసుగులూ ఉన్నాయి.

గ్రాముల లెక్కకు ఓ సులువు. గ్లాసు మిల్లీలీటర్లను బ్రిక్స్‌తో గుణించి వందతో భాగించండి. 200ను 10తో గుణించి వందతో భాగిస్తే 20 గ్రాములు. ఉజ్జాయింపుగా సరిపోతుంది. పెద్దవాళ్లు పైనుంచి కలుపుకునే చక్కెరలు రోజుకు దాదాపు 25 గ్రాములకు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. తేనె, పళ్లరసాలు కూడా అందులో లెక్కే. తాతయ్య రెండు గ్లాసులతోనే ఆ గీత దాటేశాడు, అప్పటికింకా టీ తాగలేదు.

పానకం సంగతీ ఇంతే. లీటరు నీళ్లకు 150 గ్రాముల బెల్లం కలిపితే రీడింగు 12 దాకా వస్తుంది. బెల్లం కదా, మంచిదే అంటారు. బెల్లంలో ఇనుము లాంటివి కాసిని ఉన్నమాట నిజం. కానీ అందులో ఎక్కువ భాగం చక్కెరే. మిరియాలు, యాలకులు వేసినంత మాత్రాన రక్తంలో చక్కెర ఊరుకోదు. ఇక చెరకు రసం 18 నుంచి 20 దాకా చూపడం మామూలే. ఐసు లేని ఒక్క గ్లాసులో 30 గ్రాములకు పైనే.

ఈ లెక్క ఇంకోచోట కూడా అక్కరకొస్తుంది. ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్లకు ఒక్కోసారి షుగర్ బాగా పడిపోయి చెమటలు పడతాయి. అప్పుడు వెంటనే 15 గ్రాముల చక్కెర అందాలంటారు డాక్టర్లు. పది బ్రిక్స్ ఉన్న నిమ్మకాయ నీళ్లయితే ముప్పావు గ్లాసు చాలు. మందు తీపి మాత్రలు కలిపిన నీళ్లు గ్లాసులకు గ్లాసులు తాగించినా లాభం లేదు. మంచం పక్కన ఏ సీసా ఉందో ఇంట్లో వాళ్లకు తెలిసుండాలి.

ఇది ఎక్కడ బోల్తా పడుతుంది?

ఈ పరికరానికి చక్కెర మీద ప్రత్యేక ప్రేమేమీ లేదు. నీళ్లలో కరిగిన ప్రతిదాన్నీ చక్కెర అనుకుంటుంది. ఒక శాతం ఉప్పు కరిగితే ఒక డిగ్రీకి పైనే చూపిస్తుంది. నిమ్మరసం పులుపు కూడా అంకెలోకి చేరుతుంది. అందుకే చక్కెర వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి కొలవండి. రెండింటికీ ఉన్న తేడాయే మీరు వేసిన చక్కెర. ఉగాది పచ్చడి విషయంలో ఈ ఉపాయం కూడా కష్టమే. చింతపండు, బెల్లం, ఉప్పు, మామిడి... రుచులన్నీ కలిసి ఒకే గీతగా కనిపిస్తాయి. పాలు, పాయసం జోలికి పోవద్దు. పాలలో వెన్న వల్ల గీత అలుక్కుపోతుంది.

అంతకన్నా ముఖ్యమైనది అంబలి, జావ, గంజి. వీటిలోని పిండిపదార్థం చాలావరకు ఈ పరికరం కంటికి ఆనదు. రీడింగు తక్కువే వస్తుంది. కడుపులోకి వెళ్లాక అదంతా గ్లూకోజే అవుతుంది. తక్కువ అంకె వచ్చింది కదా అని షుగర్ ఉన్నవాళ్లకు చెంబుతో పోయకూడదు. ఇది గ్లాసులోని సంగతి చెబుతుంది, రక్తంలోది కాదు.

కల్లు దగ్గర మరీ తమాషా. ఘన్‌పూర్ చుట్టుపక్కల ఊళ్లకు తాటిచెట్టుతో ఉన్న అనుబంధం ఇవాళ్టిది కాదు. మొఘలుల మీద తిరగబడి 1710లో ప్రాణాలొదిలిన సర్వాయి పాపన్న గీత కులస్తుడే. ఆయన ఖిలాషాపూర్ కోట పక్కనున్న రఘునాథపల్లి మండలంలోనే ఉంది. చెట్టు నుంచి అప్పుడే దిగిన, పులియని నీరా సాధారణంగా 10 నుంచి 14 బ్రిక్స్ ఉంటుంది. అంటే మన నిమ్మకాయ నీళ్లతో సమానం, కొన్నిసార్లు ఎక్కువే. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచాక దీని పేరు పట్నంలోనూ మోగింది. మంచి పానీయమే, కాదనం. కానీ షుగర్ ఉన్నవాళ్లు ఎంతైనా తాగొచ్చని ఎవరైనా అంటే మాత్రం రెండు చుక్కలు పరికరం మీద వేసి చూపించండి.

అదే నీరా లొట్టిలో పులిసి కల్లయితే చక్కెర ఆల్కహాల్‌గా మారుతుంది. ఆల్కహాల్ కూడా కాంతిని నీళ్లకన్నా ఎక్కువ వంచుతుంది. కాబట్టి పొద్దున 12 చూపిన లొట్టి సాయంత్రం 7 చూపితే, వందకు ఏడు గ్రాముల చక్కెర మిగిలిందని కాదు. అంతకన్నా బాగా తక్కువే ఉంటుంది. మిగతాదంతా మత్తు లెక్క. పులిసిన దేనికైనా ఈ ఒక్క పరికరాన్ని నమ్ముకోకూడదు.

తేనె విషయంలోనూ సగమే సాయం. నీళ్లు కలిపితే పట్టేస్తుంది. చక్కెర పాకం కలిపితే పట్టలేదు. 2020లో ఢిల్లీకి చెందిన సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెంటర్ తేనె కల్తీని బయటపెట్టినప్పుడు, ఇంతకన్నా పెద్ద పరీక్షలనే దాటిపోయే పాకాలున్నాయని తేలింది. ఇంట్లో జామ్ చేసేవాళ్లకు మాత్రం ఇది బాగా పనికొస్తుంది. 65 దాటేదాకా ఉడికిస్తే తొందరగా బూజు పట్టదు. అరిసెల పాకానికి దీంతో పనిలేదు. అంత ముదురు పాకం, అంత వేడి దీని వల్ల కాదు. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేసి ఉండ కట్టి చూసే అమ్మమ్మ పద్ధతే అక్కడ నయం.

కొనేటప్పుడు 0 నుంచి 32 దాకా అంకెలున్నది తీసుకోండి. పానీయాలకు అదే సరి. 90 దాకా చూపే వాటిలో గీతలు ఇరుకుగా ఉండి చిన్న తేడాలు తెలియవు. జామ్‌కూ తేనెకూ వేరే పరికరం కావాలి. వాడాక తడిగుడ్డతో, ఆపై మెత్తటి పొడిగుడ్డతో పట్టకాన్ని తుడవాలి. కుళాయి కింద పెట్టి కడిగితే లోపలికి నీళ్లు దిగి పాడవుతుంది.

ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలుంటే పరికరం వాళ్ల చేతికివ్వండి. నిమ్మకాయ నీళ్లలో గోపురం చెంచాలు మూడు బదులు రెండు వేస్తే గీత 7 దగ్గరికి దిగుతుంది. రెండు మూడు వారాల్లో నాలుక దానికే అలవాటు పడుతుంది. తాతయ్య గ్లాసులో ముందు ఎంత, తర్వాత ఎంత అన్నది క్యాలెండర్ మీద రాసే పని వాళ్లకు అప్పజెబితే సరి.