దుకాణాలలో పెంపుడు జంతువులకు ప్రవేశం ఉండవచ్చునా?

మానవుడు నాగలి పట్టక మునుపే శునకం అతని వెంట నడిచింది. తనను అనుసరించి వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానని ధర్మరాజు పలికినట్లు మహాభారతం చెబుతోంది. అంతటి సహచరుని దుకాణపు గుమ్మం వద్ద నిలిపివేయడం న్యాయమా? ఈ ప్రశ్నకు ఆవేశంతో కాక ఆలోచనతో సమాధానం వెదకాలి.

ఓడరేవు, ఉక్కు కర్మాగారం విశాఖపట్నానికి దేశం నలుమూలల నుండి జనాన్ని రప్పించాయి. బహుళ అంతస్తుల భవనాలు వెలిశాయి. ఉమ్మడి కుటుంబాలు తగ్గాయి. పిల్లలు దూరదేశాలలో స్థిరపడగా ఒంటరిగా మిగిలిన వృద్ధులకు కుక్కపిల్లే కన్నబిడ్డ అవుతోంది. సాయంకాలం రామకృష్ణా బీచ్‌లో దానితో నడిచినవారు తిరిగి వస్తూ దుకాణంలో అడుగుపెట్టాలని కోరుకోవడం సహజమే.

అయితే దుకాణాలన్నీ ఒక్క తీరువి కావు. బియ్యం, పప్పులు, కూరలు, మిఠాయిలు అమ్మేచోట పరిశుభ్రతే ప్రధానం. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టాన్ని అనుసరించి 2011లో వెలువడిన నిబంధనలు ఆహార పదార్థాల వ్యాపార స్థలాలలోకి జంతువులను, పక్షులను, పెంపుడు ప్రాణులను రానీయరాదని నిర్దేశించాయి. ఇది జంతుద్వేషం కాదు. పదిమంది ఆరోగ్యానికి కట్టిన కంచె. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. లూయీ పాశ్చర్ 1885లోనే మనిషికి టీకా వేసి ఆ వ్యాధి నుండి రక్షణ మార్గం చూపినా, నేటికీ మన దేశంలో దానికి బలి అవుతున్నవారు ఉన్నారు. కుక్కను చూడగానే వణికిపోయే పసివాని భయాన్ని తేలికగా తీసుకోరాదు.

జగదాంబ కూడలిలోని బట్టల కొట్టు, ద్వారకానగర్‌లోని పుస్తకాల అంగడి వంటి చోట్ల నిర్ణయాన్ని యజమానికే విడిచిపెట్టడం మేలు. అనుమతించదలచిన వారు గుమ్మం వద్దనే ఆ సంగతి రాసి ఉంచాలి. టీకా వేయించిన జంతువునే, పొట్టి పట్టీతోనే తీసుకురావాలి. అది నేలను పాడుచేస్తే శుభ్రపరచవలసినది దాని యజమానే. ఒకరి ముచ్చట కోసం తక్కువ జీతానికి ఊడ్చే పనిమనిషి మీద అదనపు భారం మోపడం ధర్మం కాదు.

ఒక మినహాయింపు మాత్రం అన్నిచోట్లా తప్పనిసరి. అంధునికి దారి చూపే శునకం ముచ్చటకు పెంచుకొనేది కాదు. అది అతని కన్ను. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం ఇటువంటి శునకాలకు ఆహార దుకాణాలలో సైతం ప్రవేశం కల్పించింది. మన నియమాలలోనూ అట్టి వెసులుబాటు స్పష్టంగా ఉండాలి.

ఇంతకూ ఆ మూగజీవి ఏమి కోరుతుందో ఎవరైనా ఆలోచిస్తున్నారా? మెరిసే దీపాలు, హోరెత్తే సంగీతం, కిక్కిరిసిన జనం దానికి సుఖాన్నిస్తాయా? అలాగని వేసవి ఎండలో కారులో బంధించి వెళ్లడం మరింత క్రూరం. మూసిన కారు కొద్ది నిమిషాలలోనే కొలిమి అవుతుంది. వెంట తీసుకుపోలేనప్పుడు ఇంటివద్ద నీడలో, నీటితో ఉంచడమే నిజమైన ప్రేమ. మేలుజాతి కుక్కను చంకనెత్తుకొని లోపలికి నడిచే చేతులే మెట్లపై పడుకొన్న వీధికుక్కను కర్రతో అదలిస్తే అది దయ అనిపించుకోదు.

సమస్త ప్రాణుల పట్ల కరుణ చూపడం పౌరుని ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం పేర్కొంటోంది. తోటి మనిషి ఆరోగ్యాన్ని, భయాన్ని, శ్రమను గౌరవించడం కూడా కరుణలో భాగమే. తినుబండారాల దుకాణంలో నిషేధం, తక్కినచోట్ల నియమబద్ధమైన అనుమతి, సహాయక శునకానికి సర్వత్రా స్వాగతం — ఈ మూడూ కలిసినప్పుడే మనిషికీ, మూగజీవికీ న్యాయం జరుగుతుంది.