దిగితే పూర్తిగా దిగాలి



మీ పత్రిక గత సంచికలో ఒక పాఠకుడు జీ ఎంటర్‌టైన్‌మెంట్ సీఈఓ పునీత్ గోయెంకాను వెనకేసుకొస్తూ రాసిన లేఖ చదివాను. తండ్రి సుభాష్ చంద్ర 1992లో జీ టీవీ మొదలుపెట్టారు, కొడుకు ఏళ్ల తరబడి నడిపారు, అలాంటివాళ్లను దిగిపొమ్మనడానికి నోరెలా వస్తుందని ఆయన బాధ. నాకు వస్తుంది. ఆ కంపెనీలో నాకు ఒక్క షేరు కూడా లేదు. సాయంత్రమైతే జీ తెలుగు సీరియళ్లు మోగే ఇంట్లో ఉంటాను, అంతవరకే నా సంబంధం. కాకపోతే చాలాకాలం డిస్ట్రిబ్యూటర్ల తరఫున రిప్రజెంటేటివ్‌గా పిడుగురాళ్ల, గురజాల, మాచర్ల హాళ్లలో టికెట్లు లెక్కపెట్టి డీసీఆర్ (రోజువారీ వసూళ్ల లెక్క) రాసుకున్నవాణ్ణి. ఎవరి సొత్తు మీద ఎవరు పెత్తనం చేస్తారో కొంత చూశాను.

మా వైపు హాలు కట్టించినాయన ఒకరు, లీజుకు తీసుకుని ఆడించేది మరొకరు కావడం మామూలే. లీజుదారు గట్టివాడైతే క్యాంటీను, సైకిల్ స్టాండు, ఏ బొమ్మ వేయాలన్న మాట, అన్నీ ఆయనవే. ఊళ్లో జనం కూడా హాలును ఆయన పేరుతోనే పిలుస్తారు. అయినా గడువు తీరాక ఓనరు ఇక వద్దంటే తాళాలు ఇచ్చేయాల్సిందే. హాలుకు పేరు తెచ్చింది నేనే కదా అంటే కుదరదు.

మరి జీలో ఓనరు ఎవరు? ప్రమోటర్ల కుటుంబం చేతిలో మిగిలిన వాటా సుమారు 4 శాతం. తక్కినదంతా ఫండ్లది, విదేశీ మదుపు సంస్థలది, ఎల్ఐసీ లాంటి వాటిది, చిన్నాచితకా మదుపరులది. గత లేఖ రాసినాయన ఈ లెక్క ఎత్తనే లేదు. "వాళ్ల కంపెనీ" అని మూడు చోట్ల రాశారు.

ఆ మిగతావాళ్లు అభిప్రాయం చెప్పలేదా అంటే, చెప్పారు. 2021 సెప్టెంబరులో అప్పటి పెద్ద వాటాదారు ఇన్వెస్కో, గోయెంకాను బోర్డు నుంచి తప్పించాలని ప్రత్యేక సమావేశం పిలవమంది. ఆ తగవు కోర్టుకెక్కింది. అదే ఏడాది డిసెంబరులో సోనీతో విలీన ఒప్పందం కుదిరింది, కొత్త సంస్థకూ ఆయనే సారథి అన్నారు. రెండేళ్లు గడిచాక, 2024 జనవరి 22న సోనీ ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకుంది. షరతులు నెరవేరలేదన్నది సోనీ చెప్పిన కారణం. విలీన సంస్థకు ఎవరు పెద్ద అన్న దగ్గరే పీటముడి పడిందని అప్పట్లో పత్రికలు రాశాయి. విలీనం కోసం తప్పుకోవడానికి గోయెంకా ఒప్పుకున్నారని జీయే ప్రకటించింది. ఆ ఒప్పుకోలు ఏదో ఏడాది ముందు వచ్చి ఉంటే కథ వేరేగా ఉండేదేమో. సుమారు 1,000 కోట్ల డాలర్ల విలువ కట్టిన సంబంధం పీటల దాకా వచ్చి తప్పిపోయింది.

ఆయనకు న్యాయంగా చెప్పాల్సినవీ ఉన్నాయి. 2023లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆయన్ను పదవులకు దూరంగా ఉండమని ఇచ్చిన ఉత్తర్వును అప్పిలేట్ ట్రైబ్యునల్ అదే ఏడాది అక్టోబరులో కొట్టేసింది. విలీనం చెడ్డాక ఉద్యోగాలు తగ్గించినప్పుడు తన జీతంలో 20 శాతం కోసుకున్నారు. పని రాని మనిషి అని నేను అనను. నా పేచీ ఆయన పనితనంతో కాదు, దిగిన పద్ధతితో.

2024 నవంబరు 18న ఆయన మేనేజింగ్ డైరెక్టర్ పదవి వదిలేశారు, సీఈఓగా మాత్రం ఉండిపోయారు. పది రోజులకు జరిగిన వార్షిక సమావేశంలో ఆయన్ను డైరెక్టరుగా మళ్లీ తీసుకునే తీర్మానానికి సగం ఓట్లు కూడా పడలేదు. ఓటమి వెంట్రుకవాసిలోనే, కానీ ఓటమి ఓటమే. ఇక్కడ చట్టంలోని మెలిక ఒకటి చూడాలి. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఎండీని ఒక విడతలో ఐదేళ్లకు మించి నియమించకూడదు, డెబ్బై దాటితే ప్రత్యేక తీర్మానం కావాలి, ఆ నియామకానికి వాటాదారుల ఆమోదం ఉండాలి. బోర్డులో లేని సీఈఓకు ఆ బాధ లేదు, బోర్డు తీర్మానం చాలు. అంటే ఎండీ కుర్చీ దిగి సీఈఓ కుర్చీలో ఉండిపోవడమంటే వాటాదారుల ఓటుకు అందని గదిలోకి మారడం. కుర్చీ మారింది, సంతకం మారలేదు. 2025 జులైలో ప్రమోటర్లకు 2,237 కోట్ల రూపాయల వారంట్లు (తర్వాత షేర్లుగా మార్చుకునే పత్రాలు) ఇచ్చి వాళ్ల వాటా పెంచాలన్న తీర్మానానికి కూడా కావాల్సిన 75 శాతం రాలేదు. ఓనర్లు ఇంతకంటే ఎలా చెబుతారు?

డిస్నీని చూపించి నా నోరు మూయించేవాళ్లు ఉంటారు. బాబ్ ఐగర్ పదిహేనేళ్లు ఏలి 2020లో దిగితే కంపెనీ తడబడింది, 2022 నవంబరులో మళ్లీ ఆయన్నే పిలుచుకొచ్చారు, పాత కాపు లేకపోతే ఇంతే అంటారు. కానీ ఐగర్ దిగిందెక్కడ? బాబ్ చాపెక్‌కు సీఈఓ హోదా ఇచ్చి, తాను ఎగ్జిక్యూటివ్ చైర్మన్‌గా 2021 చివరిదాకా అక్కడే ఉన్నారు, సృజనాత్మక వ్యవహారాలు తన దగ్గరే పెట్టుకున్నారు. పక్కగదిలో పాత యజమాని ఉంటే కొత్తవాడి మాట ఎవరు వింటారు? అది దిగడం వల్ల వచ్చిన చేటు కాదు, దిగీదిగకుండా ఉండటం వల్ల వచ్చింది.  

రామోజీరావు గారి పేరూ ఎత్తుతారు. 2024 జూన్ 8న, 87 ఏళ్ల వయసులో పోయేదాకా ఆయనే ఈనాడు, ఈటీవీ సంస్థలకు పెద్ద. ఈటీవీ ఆగిందా, ఫిలిం సిటీ మూతపడిందా అంటారు. ఆగలేదు. ఎందుకంటే ఆయన బతికుండగానే ఈనాడుకు ఒక ఎండీ, మార్గదర్శికి ఒక ఎండీ, ఫిలిం సిటీకి ఒక ఎండీ ఉన్నారు. ముగ్గురూ కుటుంబం వాళ్లే, నిజమే. అక్కడ కుటుంబం చేతిలో ఉన్నది నాలుగు శాతం కాదు, కాబట్టి అది వాళ్ల ఇష్టం. జీకి ఆ పోలిక తేవడమే తప్పు.

పల్నాటివాణ్ణి, వారసత్వం తేలకపోతే ఏమవుతుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. పల్నాడేలిన అనుగురాజు తర్వాత గురజాల ఒక రాజ్యం, మాచర్ల ఒక రాజ్యమై చివరికి కారంపూడి యుద్ధంలో ఏం జరిగిందో ఏటా వీరారాధన ఉత్సవాల్లో తలచుకుంటూనే ఉన్నాం. అయితే ఆ కథను తెరకెక్కించినవాళ్ల దగ్గర ఇంకో సంగతి ఉంది. గూడవల్లి రామబ్రహ్మం 'పల్నాటి యుద్ధం' తీస్తూ సగంలో, 1946లో, చనిపోయారు. కన్నాంబ నాగమ్మగా, అక్కినేని బాలచంద్రుడిగా వేసిన సినిమా అది. అంత పెద్ద దర్శకుడు పోయాక డబ్బాలు మూలన పడాల్సిందే. కానీ ఎల్.వి. ప్రసాద్ వచ్చి పూర్తిచేశారు, 1947లో విడుదలైంది. రామబ్రహ్మం లేకపోతే తెలుగు సినిమా ఏమైపోతుందన్నవాళ్లు అప్పుడూ ఉండే ఉంటారు. ఆ ప్రసాద్ గారే తర్వాత 'షావుకారు', 'మిస్సమ్మ' తీశారు.

కాబట్టి నేను కోరేది ఇది. జీ బోర్డు సీఈఓ పదవికి గడువు తేదీ ప్రకటించాలి, తర్వాత వచ్చేవాళ్లను బయట నుంచి కూడా వెతకాలి. గోయెంకా గారి అనుభవం కావాలంటే సలహాదారుగా ఉంచుకోవచ్చు, చెక్కుల మీద, ఛానళ్ల మీద అధికారం లేకుండా. కొత్త సీఈఓ పేరును వాటాదారుల ముందు ఓటుకు పెట్టాలి, చట్టం అడగకపోయినా సరే.

గత లేఖ రాసినాయన తనకు మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా కట్టే సిప్ ఉందని కూడా రాశారు. కంపెనీల సమావేశాల్లో ఏ తీర్మానానికి ఎటు ఓటేశారో ఫండ్ సంస్థలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలన్న సెబీ నిబంధన ఉంది. ఆయన ఫండులో జీ షేర్లు ఉంటే, 2024 నవంబరు 28 నాటి ఆ వార్షిక సమావేశంలో తన డబ్బు ఎటు చెయ్యెత్తిందో ఒకసారి చూసుకుని, మళ్లీ మీకు ఉత్తరం రాస్తే బాగుంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిలిం రిప్రజెంటేటివ్,
నరసరావుపేట, పల్నాడు జిల్లా