డీఓ అంటే తక్కువా?

అమెరికాలో పుట్టి పెరిగిన మన బిడ్డొకరికి అక్కడే కొత్తగా పెట్టిన ఆస్టియోపతిక్ మెడికల్ కాలేజీలో సీటొచ్చింది. ఇంట్లోవాళ్లేమో డీఓ పరువుతక్కువ, ప్రీమెడికల్ మాస్టర్స్ చేసి మళ్లీ ఎండీకి ప్రయత్నించమంటున్నారు.

నేనైతే సీటు వదలొద్దంటాను.

అక్కడ డీఓ కూడా పూర్తి లైసెన్సున్న డాక్టరే. 2020 నుంచి రెసిడెన్సీ శిక్షణకు ఇద్దరిదీ ఒకే గుర్తింపు వ్యవస్థ. 1962లో కాలిఫోర్నియాలో 65 డాలర్లు కట్టించుకుని డీఓలకు ఎండీ పట్టాలిచ్చారు. డాక్టరు మారలేదు, చేతి వైద్యం మారలేదు, పేరు వెనక అక్షరాలు మారాయి. పేరు వెనక ఏముందో చూసి మనిషిని తూచడం మనకు తెలియని విద్యా?

కొన్ని స్పెషాలిటీల్లో డీఓలకు దారి ఇంకా ఇరుకే, కాదనను. కానీ ఆ మాస్టర్స్ పట్టాతో రోగిని ముట్టుకోలేం. ఎండీ సీటుకు హామీ లేదు, అప్పు మాత్రం ఖాయం. ఆస్తులున్నవాళ్లు ఏడాదిని పందెం కాయగలరు. మొదటితరం డాక్టరు దేన్ని కాస్తుంది?

భయపడాల్సింది వేరే ఉంది. మొదటి బ్యాచ్ బయటికొచ్చేదాకా కొత్త కాలేజీకి పూర్తి గుర్తింపు రాదు. మూడు, నాలుగేళ్లలో క్లినికల్ శిక్షణ ఏ ఆసుపత్రుల్లో? ఒప్పందాలు అయ్యాయా? కాగితం మీద చూపించమను తల్లీ. నసిగితే అప్పుడు ఆలోచిద్దాం.