కంప్యూటరు కబుర్లు: తెరకూ లెక్కకూ నడుమ దుబాసీ

బస్తరు దక్షిణపు కొసన, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న గొల్లపల్లి ప్రాంతంలో దోర్లీ, తెలుగు, హిందీ మూడూ వినవస్తాయి. అటువంటి చోట ఒకరి మాట మరొకరికి అందించే దుబాసీ లేనిదే బేరం సాగదు. కంప్యూటరు తెర వెనుక కూడా అటువంటి దుబాసీ ఒకడున్నాడు.

2010లో క్యూటీ 4.7తో వచ్చిన క్యూఎంఎల్ భాషలో తెర ఎట్లుండాలో వర్ణిస్తే చాలు: ‘ఈ పట్టీ ఎత్తు ట్యాంకు మట్టమే’ అని. మట్టాన్ని సెన్సారు నుండి చదివి లెక్కకట్టే పని సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాముది. అందులోని విలువను ‘ప్రాపర్టీ’గా ప్రకటించి, తెరకు పరిచయం చేయాలి.

ఇక్కడే మేము పొరబడ్డాము. విలువను చదివే మార్గం ప్రకటించాము గాని, అది మారినప్పుడు వెలువడవలసిన ‘నోటిఫై’ సంకేతాన్ని మరచాము. పరీక్షలో తెరపై మట్టం మొదటి అంకె వద్దనే నిలిచింది; ట్యాంకు మాత్రం నిండుతూనే ఉన్నది. తెర ఖాళీగా ఉంటే ఆపరేటరు అనుమానిస్తాడు. కుదురుగా ఉన్న అంకెను నమ్ముతాడు. అది పరీక్ష కనుక బ్రతికిపోయాము. హెచ్చరిక లాగులో పడనే పడినది, చదివినవారే లేరు, మాతో సహా!

సంకేతాన్ని చేర్చిన పిదప మరొక చిక్కు. సున్న చేసే మీటలో పట్టీ ఎత్తుకు నేరుగా అంకెను అప్పగించాము. దానితో ముందు వ్రాసిన బంధం తెగి, ఎన్ని సంకేతాలు వచ్చినా పట్టీ కదలలేదు. ఇప్పుడా మీట పట్టీని తాకదు. సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామునే అడుగుతుంది.