ఫారెక్స్ చార్ట్ యాప్‌లు: క్యాండిల్స్ బాగానే ఉన్నాయి, ధర ఎవరు చెబుతున్నారు?

మా ముస్తాబాద్‌లో ఫారెక్స్ అనే మాట తెలియని ఇల్లు ఉండొచ్చు గానీ, దిర్హం రేటు తెలియని ఇల్లు తక్కువ. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ఎటు పోయినా వాడకు నలుగురైనా దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో, సౌదీలోనో ఉంటారు. నేను బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నా. ఊరికి పోయిన ప్రతిసారీ మా చిన్నమ్మ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఇయ్యాల దిర్హం ఎంతున్నది బిడ్డా?"

చిన్నాయన దుబాయ్‌లో కన్‌స్ట్రక్షన్ పని చేస్తాడు. రేటు ఇంకో పది పైసలు పెరుగుతుందేమోనని రెండు రోజులు ఆగి డబ్బు పంపుతాడు. 1,500 దిర్హంల మీద పది పైసలంటే 150 రూపాయలు. ఈ లెక్క మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు.

అలాంటి ఇంట్లో మా తమ్ముడు, అంటే చిన్నాయన కొడుకు, 2023లో ఒక ఫారెక్స్ యాప్‌లో లక్షా నలభై వేలు పోగొట్టాడు. చార్ట్ చదవడం వాడికి నేర్పింది నేనే. అందుకే ఈ ఆర్టికల్ రాస్తున్నా.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఫోన్ రివ్యూలో డిస్‌ప్లే బాగుందని చెప్పి వదిలేయం కదా, లోపల ఏ చిప్ ఉంది, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది అన్నీ చూస్తాం. ట్రేడింగ్ యాప్ దగ్గరికొచ్చేసరికి మాత్రం చార్ట్ స్మూత్‌గా కదులుతోందా, ఇండికేటర్లు ఎన్ని ఉన్నాయి అని చూసి ఆగిపోతున్నాం. ఆ చార్ట్‌లోకి ధర ఎక్కడి నుంచి వస్తోంది అని ఎవరూ అడగట్లేదు. నేను కూడా అడగలేదు.

లాక్‌డౌన్‌లో మొదలైంది

2020లో వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చారు, ఊరికి వచ్చేశా. సాయంత్రాలు ఖాళీ. యూట్యూబ్‌లో క్యాండిల్‌స్టిక్స్, ఆర్ఎస్ఐ, మూవింగ్ యావరేజ్, ఫిబొనాచీ అన్నీ చూశా. ఇంజినీర్ బుర్రకు ఇవి ఇట్టే ఎక్కుతాయి. నంబర్లు, ఫార్ములాలు, రూల్స్. మిగతా ప్రపంచమంతా గందరగోళంగా ఉన్నప్పుడు స్క్రీన్ మీద ఒక క్రమం కనిపిస్తే బాగానే అనిపిస్తుంది.

వీటికి చరిత్ర కూడా ఉంది. క్యాండిల్‌స్టిక్స్ పుట్టుకను 18వ శతాబ్దపు జపాన్ బియ్యం వ్యాపారులతో, ముఖ్యంగా హొమ్మా మునెహిసా పేరుతో ముడిపెడతారు. వాటిని అమెరికాలో పాపులర్ చేసింది స్టీవ్ నిసన్ 1991లో రాసిన పుస్తకం. మనం రోజూ వాడే ఆర్ఎస్ఐని వెల్స్ వైల్డర్ 1978లో ప్రచురించారు. ఆయన మెకానికల్ ఇంజినీర్. కంప్యూటర్ లేకుండా కాగితం మీద వేసుకునే లెక్క అది. కాబట్టి టెక్నికల్ అనాలిసిస్ అంతా మోసం అని నేను అనను. ధర గతంలో ఎలా కదిలిందో నీట్‌గా చూపించే పద్ధతి అది. రేపు ఎటు పోతుందో చెబుతుందా అన్నదే అసలు ప్రశ్న.

బ్యాక్‌టెస్ట్ చేసి చూశా

పైథాన్‌లో యూరో-డాలర్ పాత డేటా తీసుకుని మూవింగ్ యావరేజ్ క్రాస్‌ఓవర్, దానికి తోడు ఆర్ఎస్ఐ ఫిల్టర్ పెట్టి బ్యాక్‌టెస్ట్ రాశా. వందల కాంబినేషన్లు తిప్పితే ఒకటి అదిరిపోయింది. లాభం గ్రాఫ్ మెట్లెక్కినట్టు పైకి పోయింది. అదే సెట్టింగ్‌ను పక్కన దాచిన మిగతా ఏళ్ల డేటా మీద నడిపితే చతికిలపడింది. మెషిన్ లెర్నింగ్ ముట్టుకున్నవాళ్లకు ఇది తెలిసిన రోగమే, ఓవర్‌ఫిటింగ్. పైగా ప్రతి ట్రేడ్‌కు స్ప్రెడ్ కలిపితే ఉన్న కాస్త లాభం కూడా ఎగిరిపోయింది.

ఇంకో టెస్ట్ కూడా చేశా. కోడ్‌లో బొమ్మా బొరుసూ వేయించి, ఆ వచ్చిన అంకెలతో క్యాండిల్ చార్ట్ గీసి, ఏమీ చెప్పకుండా తమ్ముడికి పంపా. రెండు నిమిషాల్లో రిప్లై వచ్చింది: "అన్నా, హెడ్ అండ్ షోల్డర్స్ ఉన్నది. సెల్ కొట్టాలె."

"అది బొమ్మా బొరుసుతో గీసిన చార్ట్ రా" అన్నా.

"నువ్వు నేర్పిందే గదన్నా!" అని నవ్వాడు. నేనూ నవ్వా. అప్పుడు నవ్వకుండా కూర్చోబెట్టి మాట్లాడాల్సింది.

చార్ట్‌కు తెలియని విషయాలు ఎలాంటివో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2011 సెప్టెంబర్‌లో స్విస్ నేషనల్ బ్యాంక్ ఒక యూరోకు 1.20 ఫ్రాంకుల కంటే రేటు తగ్గనివ్వం అని ప్రకటించింది. మూడేళ్లకు పైగా అది నిలబడింది. చార్ట్ మీద అంతకంటే బలమైన సపోర్ట్ లైన్ ఎవరూ చూసి ఉండరు. 2015 జనవరి 15న బ్యాంక్ ఆ మాట వెనక్కి తీసుకుంది. నిమిషాల్లో రేటు కుప్పకూలింది. చాలామంది పెట్టుకున్న స్టాప్ లాస్ ఆర్డర్లు తాము అనుకున్న ధర దగ్గర కాకుండా ఎంతో కింద అమలయ్యాయి. అల్పారీ యూకే లాంటి బ్రోకర్ కంపెనీయే దివాలా తీసింది. ఆ ఉదయం వరకు ఏ ఇండికేటర్‌లోనూ ఈ వార్త లేదు.

ఆ ధర ఎవరిది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఎన్ఎస్ఈలో ఒక షేర్ ధర చూస్తే ఆ ఎక్స్‌ఛేంజ్‌లో జరిగిన లావాదేవీల ధర అది. అందరికీ ఒకటే. ప్రపంచ కరెన్సీ మార్కెట్ అలా ఉండదు. బీఐఎస్ సర్వే ప్రకారం 2022 ఏప్రిల్‌లో అక్కడ రోజుకు సగటున 7.5 లక్షల కోట్ల డాలర్ల వ్యాపారం జరిగింది. అంత పెద్ద మార్కెట్‌కు ఒక కేంద్ర ఎక్స్‌ఛేంజ్ లేదు. బ్యాంకులు, డీలర్లు వాళ్లలో వాళ్లు ధరలు ఇచ్చిపుచ్చుకుంటారు. మన ఫోన్‌లో కనిపించేది మన బ్రోకర్ సర్వర్ పంపే ధర మాత్రమే.

దీనివల్ల మూడు సంగతులు గుర్తుంచుకోవాలి.

ఒకటి, చార్ట్ కింద కనిపించే వాల్యూమ్ బార్లు మొత్తం మార్కెట్ వాల్యూమ్ కావు. ఆ బ్రోకర్ ఫీడ్‌లో ధర ఎన్నిసార్లు మారిందో చూపే టిక్ వాల్యూమ్ అవి.

రెండు, క్యాండిల్ ఆకారం సర్వర్ టైమ్ మీద ఆధారపడి ఉంటుంది. ఒక బ్రోకర్ న్యూయార్క్ క్లోజింగ్‌కు రోజు ముగిస్తే వారానికి ఐదు డెయిలీ క్యాండిల్స్ వస్తాయి. ఇంకొకరు లండన్ అర్ధరాత్రికి ముగిస్తే ఆదివారం చిన్న క్యాండిల్ ఒకటి అదనంగా వస్తుంది. ఒకరి చార్ట్‌లో డోజీ కనిపించిన చోట ఇంకొకరి చార్ట్‌లో కనిపించకపోవచ్చు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. చాలా రిటైల్ ఫారెక్స్ యాప్‌లలో మీ ట్రేడ్ బయట మార్కెట్‌కు పోదు. ఎదురు పక్షం ఆ బ్రోకరే. మీరు పోగొట్టుకుంటే వాళ్లకు లాభం. ధర చెప్పేదీ వాళ్లే, పందెం కాసేదీ వాళ్లే. మంచి నియంత్రణ ఉన్న దేశాల్లో దీనికి రూల్స్, ఆడిట్లు ఉంటాయి. ఎక్కడో దీవిలో రిజిస్టర్ అయిన కంపెనీ దగ్గర మీరు ఎవరిని అడుగుతారు?

ప్లే స్టోర్ రేటింగ్ చూసి కూడా మోసపోకండి. మెటాట్రేడర్‌నే తీసుకోండి. మెటాకోట్స్ అనే కంపెనీ తయారుచేసే సాఫ్ట్‌వేర్ అది. అందులో ఏ బ్రోకర్ సర్వర్‌లో లాగిన్ అవుతారన్నది వేరే సంగతి. యాప్‌కు వచ్చిన స్టార్లు ఆ సర్వర్‌కు వచ్చినట్టు కాదు. ఆపిల్ 2022 సెప్టెంబర్‌లో మెటాట్రేడర్ 4, 5 రెండింటినీ యాప్ స్టోర్ నుంచి తీసేసి, 2023 మార్చిలో మళ్లీ పెట్టింది. యాప్ స్టోర్‌లో ఉందా లేదా అన్నది మీ డబ్బుకు గ్యారంటీ కాదు.

తమ్ముడి లక్షా నలభై వేలు

వాడు డిగ్రీ చదువుతున్నాడు. సిగ్నల్స్ ఇచ్చే ఒక గ్రూప్‌లో చేరి, వాళ్లు చెప్పిన యాప్ వేసుకున్నాడు. మొదట 5,000 పెట్టాడు, 2,000 వెనక్కి తీస్తే వచ్చాయి. దాంతో నమ్మకం కుదిరింది. చిన్నమ్మకు ఫోన్‌లో పైసలు పంపడం రాదు, ఆమె అకౌంట్ చూసేది వీడే. యూపీఐలో పంపిన ప్రతిసారీ అవతల వేరే వేరే పేర్లు చూపించాయట. "అదేందని అడగలేదా?" అంటే, "చార్ట్ చూస్తున్ననే, పేరు ఎవరు చూస్తరు?" అన్నాడు.

నాకు బాగా గుర్తున్నది ఒక ట్రేడ్. యూరో-డాలర్ పడుతుందని సెల్ చేశాడు, పైన స్టాప్ లాస్ పెట్టాడు. వాడి యాప్‌లో ఒక్క క్యాండిల్ సూదిలా పైకి లేచి, స్టాప్ లాస్ తాకి, కిందికి వచ్చింది. నేను అదే నిమిషాన్ని ట్రేడింగ్‌వ్యూలో రెండు ఫీడ్లలో చూశా. ఆ సూది ఎక్కడా లేదు. రేటు మాత్రం వాడు చెప్పినట్టే తర్వాత పడింది. వాడి అనాలిసిస్ ఆ రోజు కరెక్టే. వాడు చూసిన ధరే వేరు.

చివరికి స్క్రీన్ మీద లాభం కనిపించింది. విత్‌డ్రా నొక్కితే ముందు ట్యాక్స్ కట్టమన్నారు. అదీ కట్టాడు. మళ్లీ ఇంకో చార్జ్ అన్నారు. అప్పుడు నాకు ఫోన్ చేశాడు. 1930కి కాల్ చేసేసరికి మొదటి పేమెంట్ పోయి నెల దాటింది. పోయింది చిన్నాయన నాలుగు నెలలు పంపిన డబ్బు. ఎండలో చేసిన పని డబ్బు.

లీవరేజ్ లెక్క ఒకసారి వేసుకోండి

ఈ యాప్‌లు 1:500 లీవరేజ్‌ను ఫీచర్‌లా అమ్ముతాయి. అంటే 10,000 రూపాయలతో 50 లక్షల పొజిషన్. ధర 0.2 శాతం ఎదురు తిరిగితే మీ పదివేలూ అయిపోతాయి. యూరో-డాలర్‌లో ఒక్క పిప్ స్ప్రెడ్ అంటే ఆ 50 లక్షల మీద సుమారు 450 రూపాయలు. అంటే ట్రేడ్ తెరిచిన క్షణంలోనే మీ డబ్బులో నాలుగున్నర శాతం మైనస్. మీ ఇండికేటర్ ఎంత మంచిదైనా ఈ గుంతలోంచి మొదలుపెట్టాలి.

యూరప్ నియంత్రణ సంస్థ ఈఎస్ఎమ్ఏ 2018లో ప్రధాన కరెన్సీల మీద ఈ లీవరేజ్‌ను 1:30కి కుదించింది. సీఎఫ్‌డీ ట్రేడింగ్ చేసే రిటైల్ అకౌంట్లలో 74 నుంచి 89 శాతం నష్టపోతున్నాయని అప్పుడు చెప్పింది. మన సెబీ 2024 సెప్టెంబర్‌లో ఇచ్చిన స్టడీ ఫారెక్స్ మీద కాదు, ఈక్విటీ ఎఫ్ అండ్ ఓ మీద. సక్రమమైన ఎక్స్‌ఛేంజ్‌లో, అందరికీ ఒకే ధర ఉన్న చోట కూడా 2022-24 ఆర్థిక సంవత్సరాల్లో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం నష్టపోయారు. ఇక ధర కూడా వాళ్ల చేతిలోనే ఉన్న చోట మన పరిస్థితి ఏంటి?

రూల్స్ ఏం చెబుతున్నాయి

ఫెమా చట్టం 1999 ప్రకారం మనం ఫారెక్స్ లావాదేవీలు ఆథరైజ్డ్ సంస్థలతో, అనుమతించిన అవసరాలకే చేయాలి. ఎలక్ట్రానిక్‌గా అయితే ఆర్బీఐ అనుమతించిన ప్లాట్‌ఫామ్‌లు, లేదా ఎన్ఎస్ఈ, బీఎస్ఈ, ఎంఎస్ఈఐ. అక్కడ కూడా అసలు విదేశీ కరెన్సీ రిస్క్ ఉన్నవాళ్లే పొజిషన్ తీసుకోవాలని 2024 జనవరి సర్క్యులర్‌లో ఆర్బీఐ గుర్తుచేసింది. ఈ రూల్స్ దాటి ట్రేడ్ చేస్తే మోసపోయిన మనమే పెనాల్టీ కట్టాల్సి రావచ్చు.

2022 సెప్టెంబర్‌లో ఆర్బీఐ 34 పేర్లతో అలర్ట్ లిస్ట్ పెట్టింది. తర్వాత అది పెరుగుతూ వస్తోంది. ఐపీఎల్‌లో ఢిల్లీ క్యాపిటల్స్ స్పాన్సర్‌గా కనిపించిన ఆక్టాఎఫ్ఎక్స్ పేరు కూడా మొదటి లిస్ట్‌లోనే ఉంది. యాడ్ కనిపించిందంటే పర్మిషన్ ఉన్నట్టు కాదు. లిస్ట్‌లో పేరు లేదంటే కూడా పర్మిషన్ ఉన్నట్టు కాదు, ఈ మాట ఆర్బీఐనే చెప్పింది.

మరి చార్ట్‌లు మానేయాలా?

అక్కర్లేదు. నేను ఇప్పటికీ చూస్తా. ట్రేడింగ్‌వ్యూలో సింబల్ పక్కన ఏ ఫీడో రాసి ఉంటుంది, రెండు మూడు ఫీడ్లు పక్కపక్కన పెట్టి చూడండి. పేపర్ ట్రేడింగ్ చేయండి. పైథాన్‌లో బ్యాక్‌టెస్ట్ రాయండి, సగం డేటా దాచిపెట్టి చివర్లో టెస్ట్ చేయండి. జాబ్ ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఇది మంచి ప్రాజెక్ట్, పైసా ఖర్చు లేదు. ఎవరైనా యాప్ లింక్ పంపితే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ధర ఎవరిది? నా ట్రేడ్‌కు ఎదురుగా ఎవరున్నారు? యూపీఐలో డబ్బు ఎవరి పేరుకు పోతోంది? పొరపాటున డబ్బు పంపేస్తే సిగ్గుపడి కూర్చోకండి, ఆ గంటలోనే 1930కి కాల్ చేయండి.

మా ఊరి ఫారెక్స్‌కు కూడా ఈ చదువు పనికొచ్చింది. యూఏఈ దిర్హం 1997 నుంచి డాలర్‌కు 3.6725 దగ్గర కట్టేసి ఉంది. అంటే డాలర్ రేటును దాంతో భాగిస్తే దిర్హం రేటు వచ్చేస్తుంది. డాలర్ 83 అయితే దిర్హం 22.60. ఎక్స్‌ఛేంజ్ వాళ్లు ఇంతకంటే ఎంత తక్కువ ఇస్తున్నారు, పైన చార్జ్ ఎంత తీసుకుంటున్నారు అన్నది వెంటనే తెలుస్తుంది. తమ్ముడితో ఒక చిన్న షీట్ చేయించా. చిన్నాయన పంపే ముందు వాడు రెండు మూడు చోట్ల రేట్లు అందులో వేసి, ఎక్కడ చేతికి ఎక్కువ వస్తుందో వాట్సాప్‌లో పెడతాడు. నెలకు రెండొందలో మూడొందలో మిగులుతున్నాయి.

పోయిన డబ్బు సంగతి చిన్నాయనకు వాడే ఫోన్‌లో చెప్పాడు. చాలాసేపు అవతలి నుంచి మాట రాలేదట. ఆ తర్వాత, "సరే, ఈసారి రేటు జూసి చెప్పు, పంపుత" అన్నాడట.